ఎర్ర బాణాల ఉలమీల

“నీకు ఇంగ్లీషులో బట్టల పేర్లు తప్ప ఇంకేమన్నా వచ్చా?”

ఊరిపెద్ద సకెయాసి ఈ ముక్క చాటుగా అడగలేదు. వునితారా ఊళ్లో చర్చి పక్కన రేకుల హాల్లో, ఊరంతా చాపల మీద కూర్చుని ఉండగా, మత్తెక్కించే కావా వేరు రసం చిప్ప రెండో చుట్టు తిరుగుతుండగా అడిగాడు. చిన్నపిల్లల బడికి టీచరు కావలసి వచ్చింది. అంతకుముందున్నామె పెళ్లి చేసుకుని సువా వెళ్లిపోయింది. ఆ పని నాకివ్వండి అని నోరు తెరిచి అడిగింది ఉలమీల ఒక్కతే.

“బట్టల్లేకుండా బడికెవరొస్తారు బావా?” అందామె.

హాలు గొల్లుమంది. సకెయాసి ఆమెకు మేనత్త కొడుకు. వరసైనవాళ్లు కాబట్టి ఎంత మాటైనా అనుకోవచ్చు, అన్న మాట పడి తీరాలి. “సరే మరదలా! ముందు చొక్కాలు తొడుగు, తర్వాత సంగతి తర్వాత,” అన్నాడు. పని ఇచ్చారు. ఆ నవ్వు వల్లే ఇచ్చారు. అనుభవం చూసి ఇచ్చామని కమిటీ పుస్తకంలో తర్వాత రాసుకున్నారు గానీ, పిల్లలతో ఆమెకు అణువంత అనుభవం లేదు.

ఆమెకున్న అనుభవమంతా పద్నాలుగేళ్ల ఫ్యాక్టరీ. లౌతోకాలో ఎగుమతి చొక్కాలు కుట్టే షెడ్డు. మొదట కాలర్ల మిషను, తర్వాత కఫ్‌ల మిషను, ఒకసారి సూది గోట్లోంచి దిగి అవతలికి వచ్చాక తనిఖీ బల్ల. తనిఖీ బల్ల దగ్గర పని ఒక్కటే. చొక్కాను తిరగేసి చూడాలి, తప్పు కనబడ్డచోట ఎర్ర బాణం గుర్తున్న బిళ్ల అంటించాలి, “రిజెక్ట్” అని అరవాలి, బుట్టలో పడెయ్యాలి. కుట్టినామె తలెత్తి చూస్తుంది. అందరూ చూస్తారు. సాయంత్రం ఆమె జీతంలో కోత పడుతుంది. ఏడేళ్లు ఉలమీల ఆ పని చేసింది. బాగా చేసింది. ఆ షెడ్డులో ఆమెతో కలిసి తినడానికి ఎవరూ కూర్చునేవారు కాదు.

ఒక సోమవారం పొద్దున్న వెళ్లేసరికి గేటుకు గొలుసు. మిషన్లు శని ఆదివారాల్లోనే ఓడెక్కాయట. నాలుగు వందల మంది ఆడవాళ్లకు ఒక్కసారే టోపీ పెట్టాడు యజమాని. గేటు విరగ్గొట్టి లోపలికి వెళ్లినవాళ్లు దొరికింది దొరికినట్టు పట్టుకుపోయారు. ఒకామె ఫ్యాను, ఒకామె గోడ గడియారం. ఉలమీలకు దొరికింది బిస్కెట్ల డబ్బాలో దాచి ఉంచిన మూడు చుట్టల ఎర్ర బాణం బిళ్లలు.

ఆ డబ్బాతో ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో అన్న ఇంటికి తిరిగి వచ్చింది. పిల్లల్లేరు. మొగుడు ఎప్పుడో ఇంకో దీవికి పడవెక్కాడు. పడుకోవడానికి వంటపాక మూలలో చాప ఇచ్చారు. “ఆడబిడ్డొచ్చింది, ఇంక మా కసావా దుంపలకి మూడింది,” అని వదిన కసనిత బావి దగ్గర అందరికీ చెప్పింది. ముఖం మీద కూడా చెప్పింది. పొద్దున్నే వదిన ఉలమీల తలవైపు నుంచే పొయ్యి రాజేసేది. పొగకు దగ్గుతూ లేవడం ఆ ఇంట్లో ఆమెకు మేలుకొలుపు.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. రేకుల హాలు వెనక ఒక చిన్న గది ఉంది. పది అడుగులకు ఎనిమిది. అప్పట్లో అందులో చేపల వలలు పడేసేవారు. ఏడాదిలోగా జిల్లా కార్యాలయం నుంచి అధికారి వచ్చి, బడి చూసి, సరే అని సంతకం పెడితే టీచరుకు సర్కారు జీతం వస్తుంది, ఆ గది టీచరుది అవుతుంది. సంతకం పడకపోతే ఏదీ లేదు. ఉలమీల పనిలో చేరిన మొదటి వారమే తవువా బజారుకు వెళ్లి ఇత్తడి తాళంకప్ప ఒకటి కొనుక్కుంది. గది ఇంకా వలలదే. తాళంకప్ప ఆమె తలగడ కింద ఉండేది. ఆమె చేసిన ప్రతి పనీ ఆ గదికోసమే. పిల్లలంటే ప్రేమ అనీ, అక్షర యజ్ఞమనీ ఇప్పుడెవరన్నా అంటే నమ్మకండి. ఒక ఆడమనిషికి తలుపున్న గది కావాలి. దానికి ప్రేమ అని పేరు పెట్టనక్కర్లేదు.

అధికారి ఏం చూస్తారో రాసిన కాగితం వచ్చింది. అందులో ఒక వరస: “ఆటల ద్వారా ఇంగ్లీషు మాటలు. అంశం: దుస్తులు.” ఉలమీల ఆ వరసను రెండుసార్లు చదివించుకుని, డబ్బా తెరిచింది.

కాగితంతోపాటు పన్నెండు బొమ్మల అట్టలు కూడా పంపారు. చలిదేశంలో అచ్చువేసినవి. చొక్కా, లాగు, బూటు సరే. చేతి తొడుగులున్నాయి, ఊలు కోటుంది. చేతి తొడుగుల అట్ట చూసి పిల్లలు “చెరుకు కోసేవాళ్లవి!” అన్నారు, అది నడిచిపోయింది. కోటు చూపిస్తే ఒకడు “చచ్చినోడికి చుట్టే దుప్పటి,” అన్నాడు, అదీ నడిచింది. స్కర్టు దగ్గర మొదటి దెబ్బ తగిలింది. అట్టలో ఉన్నది నడుం నుంచి మోకాళ్ల కిందిదాకా గుడ్డ. ఆ ఆదివారం పాస్టరుగారు ఇస్త్రీ చేసిన బూడిదరంగు సూలు, మగవాళ్లు నడుముకు చుట్టుకునే గుడ్డ, కట్టుకుని ప్రసంగానికి లేవగానే ముందు వరసలో పద్దెనిమిది గొంతులు ఒక్కసారి “స్కర్ట్!” అన్నాయి. మగవాళ్లు దగ్గుతూ నవ్వు దాచుకున్నారు. పాస్టరుగారు దాచుకోవలసిన అవసరం లేకుండా మండిపడ్డారు. మర్నాడే ఆ అట్ట తీసెయ్యమని కబురు. పన్నెండులో పదకొండు మిగిలాయి.

తర్వాత టోపీ. ఊళ్లో ఎవరూ నెత్తిన ఏదీ పెట్టుకోకూడదు. చెరుకు తోటల నుంచి వచ్చేవాళ్లు ఊరి గేటు దగ్గరే టోపీ తీసి చంకలో పెట్టుకుంటారు. ఉలమీల ఒక పాత గడ్డి టోపీ తెచ్చి పిల్లలకు వంతులవారీగా పెట్టి “హ్యాట్” అనిపిస్తుంటే సకెయాసి కిటికీలోంచి చూశాడు.

“మరదలా, పిల్లలందరినీ రాజుల్ని చేస్తున్నావా? రేపు నా ఎదురుగా టోపీలు పెట్టుకు తిరుగుతారు.”

“మాట నేర్పాలి కదా బావా. అధికారి అడుగుతుంది.”

“మాట నేర్పు. పెట్టడం నేర్పకు.”

“పెట్టకుండా ఎట్లా నేర్పను?”

“తియ్యడం నేర్పు,” అన్నాడు. “మన పద్ధతి అదేగా.”

తనకు తానే మెచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ మాట అన్నది తనేనని తర్వాత ఆయనకు గుర్తు రాలేదు.

ఉలమీల తియ్యడమే నేర్పింది. పిండి గోనెలో కొబ్బరి పీచు కూరి, కుర్చీలో కూర్చోబెట్టి, దానికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టింది. నెత్తిన గడ్డి టోపీ. ఆట ఇది. పిల్లలందరూ గోడ దగ్గర నిలబడతారు. ఆమె వరసగా మాటలు అంటుంది. షర్ట్ అంటే చొక్కా పట్టుకోవాలి, షూ అంటే కాలు చూపించాలి. హ్యాట్ అనగానే పరిగెత్తి సూపర్‌వైజర్ నెత్తి మీద టోపీ లాగెయ్యాలి. ముందు లాగినవాళ్లకు ఒక బిస్కెట్. అందరికన్నా వెనకపడ్డవాళ్లు రిజెక్ట్. గెలిచినవాళ్లే డబ్బాలోంచి ఎర్ర బాణం తీసి ఓడినవాళ్లకు అంటించాలి. మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ “రిజెక్ట్! రిజెక్ట్!” అనాలి. ఓడిన బిడ్డ వెళ్లి తలుపు పక్కన బట్టల బుట్టలో కూర్చోవాలి, బడి వదిలేదాకా.

పిల్లలకు ఈ ఆట ప్రాణం. అబద్ధమాడను. పొద్దున్నే ఏడున్నరకే వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఆరు వారాల్లో పదకొండు మాటలూ నోటికొచ్చాయి, అవి కాక కఫ్, కాలర్, హెమ్ కూడా. రోడ్డుకివతల మా చెరుకు వైపు పిల్లలకు రెండేళ్ల బడిలో రానిది అక్కడ నెలన్నరలో వచ్చింది. ఆటలతో చదువు అని కరపత్రాలు రాసేవాళ్లు ఆటలో ఓడేవాళ్ల గురించి ఒక్క ముక్క రాయరు. పద్దెనిమిది మంది ఆడితే ఒకరు బుట్టలో కూర్చుంటారు. ఉలమీల బడిలో ఆ ఒక్కరూ రోజూ ఒక్కరే.

ఆ పిల్ల పేరు వసీతి. అయిదేళ్లు. తల్లి లబాసాలో ఎవరింట్లోనో పనిచేస్తుంది, అమ్మమ్మ రెజియేలి పెంచుతోంది. ఒంటి మీద ఎప్పుడూ ఒకటే చొక్కా, మేనమామది, పిక్కల దాకా వేలాడుతుంది. పరిగెడితే కాళ్లకు చుట్టుకుని పడిపోతుంది. పడకుండా రెండు చేతులతో ఎత్తిపట్టుకుంటే టోపీ లాగడానికి చేతులుండవు. ఆ చొక్కాను మొదటిరోజే ఉలమీల గుర్తుపట్టింది. ఆమె ఫ్యాక్టరీదే. గేటు దగ్గర తక్కువ ధరకు అమ్మిన తప్పు సరుకు. ఎడమ కఫ్ తిరగేసి కుట్టారు.

“ఇటు రా,” అని పిలిచి, మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది. “దీని మీద బిళ్ల ఏదీ?” అని తనలో తను అనుకుంది. చెయ్యి ఊరుకోలేదు. డబ్బా తెరిచి కఫ్ మీద బాణం అంటించింది. పిల్లలు నవ్వారు. వసీతి కూడా నవ్వింది, తనకేదో బహుమానం ఇచ్చారనుకుని.

ఆ నవ్వు వారం రోజులు నిలిచింది.

“మేడం, నేనెప్పుడు ముందొస్తా?” అని ఒకరోజు బుట్టలోంచి అడిగింది.

“నీ చొక్కా కురచయినప్పుడు.”

“ఎప్పుడు కురచవుద్ది?”

“నువ్వు పెరిగినప్పుడు. నోర్మూసుకుని కూర్చో.”

రెజియేలికి ఈ సంగతులు తెలుసు. ఒకసారి దారిలో నిలదీసింది. “ఉలమీలా, నా మనవరాలు బుట్టలో కూర్చోడానికి బడికి పంపుతున్నానా? బుట్టలు మా ఇంట్లోనూ ఉన్నాయి.”

“రెండు వేళ్లు గుడ్డ మడిచి కుట్టలేవా పెద్దమ్మా? రోజూ పడుతోంది.”

“దారం నువ్వు కొంటావా?”

“ఫ్యాక్టరీ మూసేశారు.”

“అందుకే మూశారు,” అంది రెజియేలి, గంప చంకన సర్దుకుని.

ఉలమీల దగ్గర సూదీ దారం ఉన్నాయి. చేతిలో పని ఉంది. ఆ చొక్కా అంచు మడిచి కుట్టడానికి ఆమెకు నాలుగు నిమిషాలు పట్టేది. కుట్టలేదు. ఎందుకు కుట్టలేదని చాలా ఏళ్ల తర్వాత అడిగితే, “ఒకరు చివర రావాలి కదా. తను రాకపోతే ఇంకొకరొస్తారు. వాళ్ల అమ్మలు నోరున్నవాళ్లు,” అంది. ఇంతకన్నా నిజాయితీ అయిన జవాబు నేను ఏ విద్యావేత్త నోటా వినలేదు.

అధికారి రాక ఆగస్టులో ఖాయమైంది. పేరు లెవెనియా. తూర్పు దీవులది, పట్నంలో పెరిగింది, యాభై దాటిన మనిషి, మాట మెత్తన అని ముందే కబురు వచ్చింది. కమిటీ హాలు కడిగించింది. గదిలో వలలు ఎవరూ చెప్పకుండానే బయటికి వచ్చాయి. ఉలమీల ఆ ముందురోజు సాయంత్రం గది తలుపుకు తాళంకప్ప పట్టి చూసింది. సరిపోయింది. కసనిత దూరం నుంచి చూసి, “అబ్బో, మహారాణి కోటకి తాళం! లోపల ఏం దాస్తావమ్మా, మా దుంపలేనా?” అంది. ఉలమీల తాళంకప్ప తీసి జేబులో వేసుకుంది.

ఆ పొద్దున్న ఆమె చాలా జాగ్రత్తలు తీసుకుంది. పిల్లల బట్టల మీద బాణాలన్నీ పీకేసింది. డబ్బా బల్ల కిందికి తోసింది. బుట్టను వెనక పెరట్లోకి విసిరేసింది. గోనె సూపర్‌వైజర్‌ను ఊడదీసి పీచు పారబోసింది. హాలు చూస్తే గదుల్లో రంగు బొమ్మలు వేలాడే పట్నం బడిలా ఉంది. మిగిలింది వసీతి. ఇంటికి పంపితే రెజియేలి గొడవ చేస్తుంది. వరసలో నిలబెడితే పడుతుంది. కనుక తలుపు పక్కన, బుట్ట ఉండే చోటే, నేల మీద కూర్చోబెట్టింది.

“ఇవాళ నువ్వు ఆడకూడదు. కదిలావంటే చూడు.”

“రిజెక్టా మేడం?”

“ఆ. ముందుగానే.”

చొక్కా ఎడమ చేతి మడత లోపల ఒక పాత బాణం అతుక్కుని ఉండిపోయింది. అది ఉలమీల చూడలేదు. ఏడేళ్ల తనిఖీలో ఆమె కన్ను ఒక్కసారి తప్పిందంటే ఆ పొద్దున్నే.

లెవెనియా వ్యాను దిగింది. నెత్తిన ఊదా పూల నీలం టోపీ, చెవుల దాకా దింపి పెట్టుకుంది. గేటు దగ్గర సకెయాసితో రెండు నిమిషాలు పక్కకు వెళ్లి మాట్లాడింది. ఆయన తల ఊపాడు. ఆ రెండు నిమిషాల్లో ఆమె చెప్పింది ఇది: జబ్బు చేసింది, ఆసుపత్రి మందులకు జుట్టంతా రాలిపోయింది, ఊరి పద్ధతి తెలుసు గానీ ఈ ఒక్కసారి మన్నించండి, టోపీ ఉంచుకుంటాను. ఆయన మన్నించాడు. అది హాల్లోకి వెళ్లి ఉలమీల చెవిన వెయ్యాలి. వెయ్యలేదు. మరిచిపోయానని తర్వాత అన్నాడు. మరిచిపోయాడో, టోపీతో ఉన్న అధికారిని చూసి మరదలు ఎలా బిక్కచచ్చిపోతుందో చూద్దామనుకున్నాడో, ఆయనకే తెలియాలి. కిటికీ దగ్గర మంచి చోటు చూసుకుని నిలబడినవాళ్లలో మాత్రం ఆయనే మొదటివాడు.

ఉలమీల టోపీని చూసింది. పిల్లలూ చూశారు. ఊళ్లో మొదటిసారి నిజంగా ఒక పెద్దామె నెత్తిన టోపీ. గోడ దగ్గర వరస కాస్త కదిలింది. ఉలమీల కళ్లతోనే ఆపింది. ఆ మాట ఒక్కటి ఇవాళ అననని అప్పుడే నిర్ణయించుకుందట. పదిమాటలు చెప్పిస్తే చాలు.

చెప్పించింది. షర్ట్ అంటే పదిహేడు చేతులు చొక్కాల మీద. సాక్ అంటే లేని మేజోళ్లను చూపిస్తూ పదిహేడు పాదాలు. బటన్, పాకెట్, కాలర్. లెవెనియా చేతిలో కాగితం మీద కలం ఆగకుండా టిక్కులు పెట్టింది. “చాలా బావుందమ్మా,” అంది. సగం బడుల్లో టీచర్లు ఈ మాట వినరు. కిటికీల్లో తల్లులు ఒకరినొకరు చూసుకున్నారు. కసనిత కూడా ఉంది అందులో. ఉలమీల జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి పట్టుకుంది.

అప్పుడు లెవెనియాకు తలుపు పక్కన ఒంటరిగా కూర్చున్న పిల్ల కనబడింది.

శిక్షణ పొందిన మనిషి. ఒంటరి పిల్లను చూసి వదలకూడదని నేర్చుకున్నది. పిల్లతో మాట్లాడాలంటే పిల్ల ఎత్తుకు వంగాలని కూడా నేర్చుకున్నది. వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, నవ్వి, “నువ్వెందుకు ఆడట్లేదు బంగారూ?” అని అడిగింది. వసీతి మేడంకేసి చూసింది. “సరే, నాకు ఒక్కటి చెప్పు,” అని లెవెనియా తన నెత్తి మీద టోపీ అంచు వేలితో తట్టి, ఇంగ్లీషులో, “ఇదేంటి?” అంది.

వసీతి చెప్పలేదు. గోడ దగ్గర నుంచి పదిహేడు గొంతులు చెప్పాయి.

“హ్యాట్!”

ఆరు నెలలు ఆ మాట వింటే లేచి పరిగెత్తిన పిల్ల. ఇవాళ పరిగెత్తనక్కర్లేదు. చొక్కా కాళ్లకు చుట్టుకునేంత దూరం లేదు. చెయ్యి చాచింది, లాగింది.

టోపీ కింద కోడిపిల్ల ఒంటి మీది నూగులా అక్కడక్కడ వెంట్రుకలు. మిగతాదంతా చర్మం, నుదుటి కన్నా తెల్లగా.

వసీతి ఆ తలను చూడనే లేదు. ఆమె చూసింది టోపీని, తన చేతిలో. ముందొచ్చింది. జీవితంలో మొదటిసారి ముందొచ్చింది. ముందొచ్చినవాళ్లు ఏం చెయ్యాలో ఆమెకు బాగా తెలుసు, రోజూ తనకే చేశారు కనుక. ఎడమ చేతి మడత విప్పి, లోపలి ఎర్ర బాణం పీకి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్న మనిషి నెత్తి మీద అంటించి, గొంతెత్తి అరిచింది.

“రిజెక్ట్!”

మిగతా పిల్లలు కూడా పద్ధతి తప్పలేదు. చప్పట్లు కొట్టారు. “రిజెక్ట్! రిజెక్ట్!” లయ తప్పకుండా, ఆమె నేర్పినట్టే. పెద్దవాళ్ల తలను తాకితేనే ఊరికి దోషం. ఇక్కడ తల బయటపెట్టి, బిళ్ల అంటించి, పాట పాడుతున్నారు.

ముందు తేరుకున్నది సకెయాసి. లోపలికి వచ్చి వసీతి రెక్క పట్టుకున్నాడు. “ఎవరు నేర్పారే నీకిది?”

ఉలమీల అప్పుడు అన్న మాట ఇది. “నేన్నేర్పలేదు బావా. బళ్లో ఇట్లాంటివి లేవు. ఇంట్లో పెంపకం. ముసలమ్మ ముద్దు చేసి పాడుచేసింది.”

అయిదేళ్ల పిల్ల మీదికి తోసింది. కిటికీలో రెజియేలి విన్నది. ఊరంతా విన్నది.

లెవెనియా లేచి నిలబడింది. తల మీద బిళ్ల పీకి, అరచేతిలో పెట్టుకుని చూసింది. గొంతు పెంచలేదు. “ఇది ఎక్కడిది పాపా?” అంది.

వసీతి ముఖం వెలిగింది. ఇవాళ అందరూ తనతోనే మాట్లాడుతున్నారు. ఊరిపెద్ద చేతిలోంచి జారి, చొక్కా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, బల్ల కిందికి దూరి, డబ్బా తెచ్చి మూత తీసింది. రెండు చుట్టలు కొత్తవి, ఒకటి సగం అయిపోయింది.

“మేడంవి,” అంది. ఆ తర్వాత, మరిచిపోతారేమోనని, “నాకు బిస్కెట్టివ్వాలి,” అంది.

లెవెనియా టోపీ తీసుకుని పెట్టుకుంది. కుర్చీలో కూర్చుని కాగితం పూర్తిగా నింపింది. కమిటీ వండించిన కోడీ, చేమాకుల కూరా తిన్నది. ఎవరి మీదా కోపం లేదని చెప్పి వ్యాను ఎక్కింది.

వ్యాను గేటు దాటక ముందే రెజియేలి కొబ్బరీనెల చీపురు తీసింది. చర్చి ముందు గడ్డిలో, అందరూ చూస్తుండగా. చొక్కా పైకెత్తి మరీ కొట్టింది. వసీతి ఏడుస్తూ ఒకటే మాట. “ముందొచ్చింది నేనే! నేనే ముందొచ్చా! అడుగు, మేడంని అడుగు!”

ఉలమీల హాలు గుమ్మంలో నిలబడి ఉంది. అడిగితే చెప్పడానికి ఆమె ఉంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. లోపలికి వెళ్లి నేల మీద బొమ్మల అట్టలు ఏరుకుంది.

ఊరు తన మర్యాద తాను కాపాడుకుంది. మర్నాడు సమావేశం. తప్పు ఒప్పుకోలుకు తబువా తీసుకెళ్లాలి, తబువా అంటే తిమింగలం పన్నే, వేరే ఏదీ చెల్లదు. పాస్టరుగారి దగ్గర ఉన్నది పెద్దది, వదలనన్నారు. తవువాలో కొనవలసి వచ్చింది. సకెయాసి, పాస్టరుగారు ఇద్దరూ అద్దె వ్యాను మాట్లాడుకుని పట్నం వెళ్లి, లెవెనియా ఇంటి వరండాలో నేల మీద కూర్చుని, తల దించుకుని పన్ను సమర్పించారు. ఆమె రెండు చేతులా అందుకుని చెప్పవలసిన మాటలు చెప్పింది. మనసులో ఏమీ లేదంది. నిజంగానే లేదేమో. వాళ్లు బయల్దేరేటప్పుడు బ్రెడ్డుపండు కూడా కోసి ఇచ్చిందట.

కానీ రిపోర్టు అంతకుముందు రోజే టపాలో పడింది. దాని నకలు నేను చదివాను. మాటల వరసలో అన్నిటికీ టిక్కు ఉంది, హ్యాట్‌తో సహా. కింద చేతిరాతలో రెండు వాక్యాలు: “పిల్లలు నేర్పినదంతా నేర్చుకున్నారు. ఈమెను పిల్లల మధ్య ఉంచవద్దు.”

నాకు తెలిసి ఇంత సరిగ్గా రాసిన రిపోర్టు ఇంకోటి లేదు.

పని పాస్టరుగారి మేనకోడలికి వెళ్లింది. పాటలు పాడించే పిల్ల, బాగా నవ్వుతుంది. ఆమె ఆటల్లో అందరూ గెలుస్తారు. ఏడాది తర్వాత పిల్లల్ని బూటు చూపించి అడిగితే సగం మంది “షర్ట్” అన్నారు. బుట్ట మాత్రం లేదు. ఊరికి ఏది మేలో చెప్పడానికి నేను సిద్ధంగా లేను, చెప్పగలనన్నవాళ్లను నేను నమ్మను. వెనక గదిలో ఆ కొత్త టీచరు పరుపు వేసుకుంది, కొత్త తాళం పెట్టుకుంది. ఉలమీల ఇత్తడి తాళంకప్ప ఇప్పుడు కసనిత వంటపాకలో చక్కెర, టీ పొడి ఉండే పెట్టెకు వేలాడుతోంది. తాళంచెవి కసనిత మెడలో ఉంటుంది. ఉలమీల చాప అక్కడే ఉంది, పొయ్యి పక్కన.

వసీతికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. పొడుగ్గా పెరిగింది, స్కూలు నెట్‌బాల్ జట్టులో ఆడుతుంది, వేగంగా పరిగెడుతుంది. మైదానం పక్క నుంచి పిల్లలంతా “జెక్! జెక్! పట్టుకో జెక్!” అని అరుస్తారు. రిజెక్టులో మిగిలిన ముక్క అది. ఆమె దానికే పలుకుతుంది. కొత్తగా వచ్చిన టీచర్లు అదే అసలు పేరనుకుని హాజరు పుస్తకంలో రాసుకున్నారు. లెవెనియాకు తబువా వెళ్లింది. పిల్లలకు తబువా ఎవరూ తీసుకెళ్లరు, అలాంటి ఆచారం లేదు.

మొన్న బస్సు దగ్గర ఇద్దరూ ఎదురయ్యారు. వసీతి పలకరించింది. “బాగున్నావా మేడం?”

ఉలమీల ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. “నీ యూనిఫాం అంచు ఎడమవైపు అర అంగుళం దిగింది,” అంది.

“తెలుసు,” అంది వసీతి. బస్సెక్కింది.

తబువా ఖర్చూ వ్యాను అద్దే కలిపి మూడు వందల డాలర్లు ఉలమీల మీదే వేశారు. బడి ఆమెది కనుక తప్పూ ఆమెదే అన్నాడు సకెయాసి, బావ వరస పక్కనపెట్టి. తొమ్మిదేళ్లుగా మొగలి ఆకు చాపలు అల్లి, అమ్మినప్పుడల్లా కొంత కడుతోంది. నూట ఎనభై అయిదు కట్టింది. ఇంకా నూట పదిహేను డాలర్లు బాకీ.